అడిగి తెచ్చుకున్న కాగు

మట్టి కాగు పగిలి పిల్ల పోయింది. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గాని, కిందటేడు శ్రావణం నుంచీ కాంతం మట్టికుండ వంక తిన్నగా చూడలేదు.

అది తొలికాన్పు. నొప్పులు మొదలైన రోజు జల్లు విడవకుండా కొట్టింది. పెరట్లో తాటాకు పంచ కింద, మూడు రాళ్ళ పొయ్యి మీద పురిటి నీళ్ళు కాగుతుంటే కుండ అడుగు టప్పుమని విడిపోయింది. నీళ్ళన్నీ పొయ్యిలో పడ్డాయి. పక్కింటి నుంచి నిప్పు తెచ్చి, తడిసిన కట్టెలు రాజేసి, ఇంకో కుండ ఎక్కించేసరికి లోపల పుట్టిన పిల్ల చలికి బిగుసుకుపోయింది. మూడో నాడు పోయింది. దాని ఆయుష్షు అంతేనంది మంత్రసాని మాణిక్యం. కాంతం ఆ మాటకి తల ఊపలేదు.

ఇప్పుడు మళ్ళీ తొమ్మిదో నెల. కార్తీకం. తూర్పుగాలి తిరిగింది.

“నాకు నగా వద్దు, కోకా వద్దు. పగలని కాగు ఒకటి తే. రాగిది. అది ఇంటికొస్తేనే నేను పురిటి గదిలోకెళ్తాను” అంది కాంతం మొగుడితో.

ఎర్రయ్యది పడవ పని. ఆనకట్ట కట్టి కాలవలు తవ్వేక వాళ్ళ వాళ్ళు చాలామంది ఏరు వదిలి కాలవ పడవలు పట్టారు. రాజోలు దిగువ నుంచి అమలాపురానికి కొబ్బరికాయలు వేసుకెళ్ళడం అతనికి వారం వారం పనే. ఆ వారం తల్లి సత్తెమ్మని కూడా ఎక్కించుకున్నాడు.

“రాగి సంగతి నాకేం తెలుసు? మెరుస్తుంటే మంచిదనుకుంటాను. నువ్వు రా అమ్మా” అన్నాడు.

సత్తెమ్మ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఇరవై ఏళ్ళ కిందట పెద్ద ఉప్పెనలో మొగుణ్ణీ, ఇంటినీ, పాలేన్నీ పోగొట్టుకుని, చంకలో పసివాడితో ఎగువకి నడిచి వచ్చిన మనిషి. సముద్రం గురించి అడిగితే లేచి ఏదో పనిలో పడేది. కొడుకు అడగడం మానేశాడు.

పడవలో గెడ వేస్తూ ఎర్రయ్య నవ్వాడు. “ఒక్క కాగు కోసం ఇంత హంగామా! నేను పుట్టినప్పుడు ఏ కాగులో కాచేరే అమ్మా?”

“ఏదో కాగులో” అంది సత్తెమ్మ. కాలవ గట్టు మీది తాళ్ళు ఒక్కొక్కటే వెనక్కి పోతుంటే వాటిని చూస్తూ కూర్చుంది.

అమలాపురంలో కంచర్ల వీధి సుత్తి మోతలతో హోరెత్తుతోంది. వీరబ్రహ్మం కొట్టు చివర్న ఉంది. ముసలివాడు. రెండు కళ్ళకీ పొరలు కమ్మాయి. కొడుకులు సాగగొడుతుంటే తను చేత్తో తడిమి చూసి ‘ఇంకా’ అనో ‘చాలు’ అనో చెప్తాడు. కొత్త కాగులు గుమ్మంలో వరసగా బోర్లించి ఉన్నాయి. ఎండ పడి కళ్ళు చెదురుతున్నాయి.

“ఇది తీసుకోండి బాబూ. నిన్ననే అయిందండి” అన్నాడు వీరబ్రహ్మం.

ఎర్రయ్య తల్లి వంక చూశాడు. సత్తెమ్మ గుమ్మం పక్కనే నిలబడి, మెల్లిగా చెప్పింది.

“మెరుపు చూడకు. చెయ్యి లోపలికి పెట్టి అడుగు తడుము. అంచు దళసరిగా పెట్టి అడుగు పలచగా సాగగొడతారు. నిప్పు తగిలేది అడుక్కి.”

అతను తడిమాడు. “పలచనే.”

“అతుకు చూడు. పళ్ళు పళ్ళుగా కలిసి ఉండాలి. తిన్నగా గీత ఉంటే రెండేళ్ళకి కారుతుంది.”

రెండో దానికీ మూడో దానికీ గీతలే.

“అమ్మగారు మా పొట్ట కొట్టడానికే వచ్చేరండి” అన్నాడు ముసలివాడు నవ్వుతూ. “ఇంకేం చూడాలోనండి?”

“గోటితో కొట్టి చెవి పెట్టు” అంది సత్తెమ్మ కొడుకుతోనే. “గట్టి రాగైతే మోత తొందరగా చావదు.”

ఎర్రయ్యకి అది ఆటలా ఉంది. ఒక్కోదాన్నీ కొడుతూ, చెవి ఆనించి వింటూ, కొట్టు లోపలికంటా వెళ్ళిపోయాడు. బొగ్గుల గుట్ట వెనక, చీకట్లో, నల్లగా చిలుం పట్టిన కాగు ఒకటి బోర్లా పడి ఉంది. దాన్నీ కొట్టాడు.

ఆ మోత కొట్టు దాటి వీధిలోకి వచ్చింది. సుత్తులు ఆగాయి. మోత మటుకు ఆగలేదు. సన్నగా, ముక్కులోంచి తీసిన రాగంలా సాగుతూనే ఉంది. సత్తెమ్మ గుమ్మం కమ్మి పట్టుకుంది.

“అమ్మా! ఇదిగో! అడుగు చూడు, వేలెడు దళసరి. అతుకు పళ్ళు పళ్ళుగా ఉంది. నువ్వు చెప్పినవన్నీ దీనికే ఉన్నాయి!”

“అది అమ్మేది కాదండి బాబూ” అన్నాడు వీరబ్రహ్మం. కాసేపు గడ్డం గోక్కున్నాడు. “ఉప్పెన ఏడు ఒకావిడ తెచ్చిందండి. చంకలో పిల్లాడు. ఒంటి మీద గుడ్డ కూడా సరిగా లేదు. కరిగించెయ్యమంది. బదులు ఏం కావాలమ్మా అంటే, ఏమీ వద్దు, నా కళ్ళ ముందు కరిగించమంది. కొలిమి చల్లారింది, రేపు చేస్తానన్నాను. వెళ్ళిపోయింది. తీరా సుత్తి ఎత్తితే చెయ్యి రాలేదండి. ఎవడు చేసేడో గాని ఇట్లాంటి వాటం నేను జన్మలో కొట్టలేదు. మీద పేరు మటుకు ఆకురాయితో గీకేసేను.”

ఆ ఆడమనిషి తన ఎదురుగానే నిలబడి ఉందని అతనికి కనబడలేదు. ఆ పిల్లాడే కాగుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడనీ తెలియదు.

“అది పాతది నాయనా” అంది సత్తెమ్మ. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

“పాతదైతేనేం? గట్టిది చూడమని ఇందాకటి నుంచీ చెప్పేది నువ్వేగా!”

“ఎవరిదో ఏమో.”

“ఎవరిదైతే ఏంటండి అమ్మగారూ” అన్నాడు వీరబ్రహ్మం. “ఇరవయ్యేళ్ళు చీకట్లో పడుంది పాపం. పసిబిడ్డకి నీళ్ళు కాచుకుంటారంటే ఇస్తానండి. ఇంకోళ్ళకైతే ఇవ్వను.”

వద్దనడానికి కారణం చెప్పాలి. చెప్పడానికి ఉన్న కారణం ఒక్కటే. సత్తెమ్మ పడవ వైపు నడిచింది.

తిరుగు పడవలో కాగు ఆమె కాళ్ళ దగ్గరే ఉంది. పడవ ఊగినప్పుడల్లా అది ఆమె పాదాన్ని తాకింది. చూడక్కర్లేదు. ఎడమ వైపు చిన్న సొట్ట ఉంటుంది, ఒకప్పుడు తన ఇంటి రాటకి తగిలి పడిన సొట్ట. చిలుం కింద చేత్తో తడిమింది. ఉంది.

ఉప్పెనకి ముందు సత్తెమ్మ కాపరమున్న ఏటిమొగ పాలెంలో రాగి కాగు ఉన్నది ఒక్క సీతారత్నానికే. ఆమె మొగుడు కోరంగి ఓడల మీద సరంగు. ఏ రేవు నుంచో తెచ్చాడు. పిల్లలు లేరు. పాలెంలో ఎవరికి పురుడొచ్చినా ఆ కాగు వెళ్ళాలి. గుమ్మంలో నిలబడి ‘పురుడొచ్చింది వదినా, కాగిస్తావా’ అంటే, ‘ఊఁ’ అనేది ముక్కులోంచి, పనిలోంచి తల ఎత్తకుండానే. అంతకన్న మాట ఉండేది కాదు. కాగు తిరిగిచ్చేటప్పుడు ఉత్తది ఇవ్వకూడదు. దోసెడు బియ్యమూ పసుపు కొమ్మూ వేసి ఇవ్వాలి. పాలెంలో అది కట్టు.

ఎర్రయ్య పుట్టిన పదకొండో నాడు సత్తెమ్మ కాగు తోమి బోర్లించింది. ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. మొగుడు వేటకెళ్ళాడు. దోసెడు బియ్యం పుట్టాక ఇద్దామనుకుంది. ఒక రోజు. రెండో రోజు. మూడో రోజు పొద్దు పొడిచే వేళ సముద్రం లేచి ఇంట్లోకి వచ్చింది.

పసివాణ్ణి కాగులో పడుకోబెట్టి అంచు పట్టుకుంది. ఇల్లు పోయింది, పాలెం పోయింది, నీళ్ళే ఉన్నాయి. అప్పుడు అవతలి అంచుకి నాలుగు వేళ్ళు వచ్చి తగులుకున్నాయి. తరవాత తల పైకి వచ్చింది. జుట్టు మొహానికి అంటుకుపోయి, సీతారత్నం. కాగు ఒరిగింది. చారెడు నీళ్ళు లోపలికి దూకాయి.

“పిల్లాడు తడిసిపోతన్నాడు వదినా” అంది సీతారత్నం. అంతే అంది. నాది అనలేదు, పట్టుకోనీ అనలేదు.

సత్తెమ్మ ఒక్కొక్క వేలే విప్పింది. చిటికెన వేలు ఆఖరున వచ్చింది.

కాగు ఇంటికి రాగానే కాంతం దాన్ని చింతపండూ బూడిదా పెట్టి తోమింది. నిండు నెలల మనిషి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆయాసపడుతూ, తనకి చాలనిపించేదాకా తోమింది. రాగి ఎర్రగా బయటపడింది. అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు మటుకు నల్లగానే ఉండిపోయింది. ఆకురాయి సగమే తినేసింది.

“ఎవరిదో పేరుందత్తా. పాపం, ఏ ఇంటి ఇల్లాలో.”

“అటు తిప్పి పెట్టు” అంది సత్తెమ్మ.

మర్నాడు కాంతం దాంట్లో స్నానానికి నీళ్ళు కాచింది. ఇంకా ఆవిరి లేవలేదు. నీళ్ళ అడుగు నుంచి ఒక ధ్వని బయల్దేరింది. ముందు గాలి అనుకున్నారు. తరవాత కాగు అంచుకి పాకి, సన్నగా, ఒకే తీరున, ‘ఊఁ’ అని సాగింది.

“వింటున్నావా అత్తా, పాడతంది!” కాంతం నవ్వింది. శ్రావణం తరవాత ఆమె నవ్వడం అదే. “నా బిడ్డకి జోల కూడా తెచ్చేడు మీ అబ్బాయి.”

సత్తెమ్మకి అది పాటగా వినబడలేదు. గుమ్మంలో నిలబడ్డ మనిషికి లోపలి నుంచి వచ్చే జవాబులా వినబడింది. ఆమె ఏమీ అడగలేదు. అడక్కుండానే జవాబు వస్తోంది.

ఇంకో రెండు రోజులకి మసి పట్టిన అంచు మీద నాలుగు చోట్ల ఎర్రగా కనిపించింది, వేళ్ళు ఆనినట్టు. పొయ్యి మీద ఉన్న కాగు. ముట్టుకుంటే చర్మం ఊడుతుంది.

“నువ్వు పట్టుకున్నావా ఇక్కడ?” అంది సత్తెమ్మ కోడలితో.

“నేనా? గుడ్డ లేకుండా ఎవరు పట్టుకుంటారత్తా.”

సీతారత్నం కాగుని తిరిగి అడగడానికి వచ్చిందని సత్తెమ్మకి తెలిసిపోయింది. ఉత్తది తీసుకుపోదు. ఇరవై ఏళ్ళ కిందట ఆ కాగులో ఏం వేసి ఎవరు తీసుకుపోయారో ఆవిడకి తెలుసు. దానికి బదులు దోసెడు బియ్యంతో సరిపెట్టుకుంటుందా? సత్తెమ్మ కాంతం కడుపు వంక చూసింది. బిడ్డ కిందికి దిగింది. ఇవాళో రేపో.

ఎర్రయ్య పడవ మీద ఉన్నాడు. సత్తెమ్మ కుమ్మరి వాళ్ళింటికి వెళ్ళి కొత్త మట్టి కాగు తెచ్చింది. రాగి కాగులో దోసెడు బియ్యమూ పసుపు కొమ్మూ వేసి, పెరట్లో గడ్డివామి కింద దాచింది. మర్నాడు పొద్దున్నే మొగ దాకా వెళ్ళే పడవ ఒకటి మాట్లాడుకుంది. సముద్రం అంచున దింపేసి, నీది నీకు ఇచ్చేశానని చెప్పి రావాలి. కోడలికి తరవాత ఏదో చెప్పుకోవచ్చు.

పడవ రాకముందే కాంతానికి నొప్పులు వచ్చాయి.

తూర్పుగాలికి జల్లు పడుతోంది. మాణిక్యం వచ్చి కొంగు బిగించుకుంది. “నీళ్ళు పెట్టు సత్తెమ్మక్కా, బేగి!” అంది లోపలి నుంచి. ఆ వెనకే కాంతం గొంతు.

“అత్తా, కాగు ఎక్కించేవా?”

“ఎక్కించేనమ్మా.”

“రాగిదేనా?”

“ఊఁ” అంది సత్తెమ్మ.

మట్టి కాగు కింద మంట రాజుకుంది. వానాకాలం కుండ లోపల ఆరదు. పైకి ఎండినట్టే ఉంటుంది, మంట తగిలితే దాని తడి బయటపడుతుంది. ఆ సంగతి ఎవరికి చెప్పినా చెప్పకపోయినా సత్తెమ్మకి తెలుసు. కిందటేడు కళ్ళారా చూసింది. అయినా ఆ మూడు రోజులూ ఆమెకి రాగి తప్ప మట్టి గుర్తు లేదు.

టప్పుమంది.

నీళ్ళు పొయ్యిలోకి దూకాయి. బుస్సుమని పొగ లేచింది.

లోపల మూలుగు ఆగిపోయింది. “అత్తా!” అని కేక పెట్టింది కాంతం. “అదేంటత్తా? ఏం పగిలింది? రాగిదన్నావుగా! అత్తా!”

“నీళ్ళేవే అక్కా! తల కనబడతంది!” అని మాణిక్యం.

సత్తెమ్మ జల్లులోకి పరుగెత్తింది. గడ్డి లాగి పారేసింది. కాగు అక్కడే ఉంది, బియ్యంతో, పసుపు కొమ్ముతో, తిరిగి వెళ్ళడానికి సిద్ధంగా. బియ్యం ఒళ్ళో పోసి కొంగు దోపుకుంది. కాగు ఎత్తుకుని పంచ కిందికి వచ్చి, మోకాళ్ళ మీద కూలబడింది. మసి అంచు ముందు మొహం పెట్టి, ఇరవై ఏళ్ళుగా ఎవరితోనూ అనని మాట అంది.

“పురుడొచ్చింది వదినా. ఇంకొక్కసారి కాగిస్తావా?”

గాలి తప్ప ఏమీ లేదు. పొయ్యి రాళ్ళ వెనక, నీళ్ళు చేరని చోట, రెండు నిప్పులు మిగిలాయి. కొబ్బరి పీచు వేసి ఊదింది. కళ్ళు మండేదాకా ఊదింది. పీచు అంటుకుంది. కొబ్బరి డొక్కలు అంటుకున్నాయి. కాగు ఎక్కించి, తాగునీళ్ళ కడవలో ఉన్న నీళ్ళన్నీ పోసింది. లోపల కాంతం పళ్ళు బిగించి అరుస్తోంది.

అడుగు నుంచి ధ్వని బయల్దేరింది. ఎప్పుడూ అంత తొందరగా రాలేదు.

“ఊఁ” అంది కాగు.

ఆడపిల్ల. నీలంగా, చప్పుడు లేకుండా పుట్టింది. మాణిక్యం కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఎత్తి వీపు చరిచింది. ఏడవలేదు. “వేణ్ణీళ్ళు!” అంది. సత్తెమ్మ తొట్టిలో వేడీ చన్నీళ్ళూ కలిపి, మోచేత్తో చూసి ఇచ్చింది. మాణిక్యం పిల్లని మెడ దాకా ముంచింది, తీసింది. ముంచింది, తీసింది. నీళ్ళు చల్లబడ్డాయి, సత్తెమ్మ మళ్ళీ తెచ్చింది. మూడోసారి తెచ్చేసరికి పిల్ల మొహం ముడుచుకుంది. కుక్కపిల్ల కూసినట్టు ఒక చిన్న చప్పుడు. తరవాత ఇల్లంతా నిండే ఏడుపు.

కాంతం గోడకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. కన్నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.

“పగల్లేదుగదా అత్తా?”

“పగల్లేదమ్మా. అది పగలదు.”

జల్లు వెలిసింది. పంచలో పీట వేసుకుని, కాళ్ళు చాపుకుని, పిల్లని కాళ్ళ మీద పడుకోబెట్టుకుంది సత్తెమ్మ. గోరువెచ్చని నీళ్ళు పోసింది. పిల్ల చేతులు గాలిలో వెతికాయి. ఒక చెయ్యి ఆమె చూపుడువేలికి తగిలి, నాలుగు వేళ్ళూ దాని చుట్టూ బిగుసుకున్నాయి.

సత్తెమ్మ కదలడం మానేసింది.

“చాల్లే అక్కా, వేలు తీసుకో. గుడ్డలో చుట్టి తల్లి పక్కలో వేద్దాం” అంది మాణిక్యం.

“ఉండనీ.”

“పసిపిల్ల పట్టు అంతేలే. విప్పు, వచ్చేస్తుంది.”

“విప్పను” అంది సత్తెమ్మ. “పొడి గుడ్డ ఇలా కప్పు. దానంతట అది వదలనీ.”

మాణిక్యం విచిత్రంగా చూసి, గుడ్డ కప్పి, లోపలికి వెళ్ళింది. పొయ్యి మీద మిగిలిన నీళ్ళతో కాగు మరుగుతోంది. ధ్వని పెరిగింది, తరవాత మెల్లిగా తగ్గింది. నీళ్ళు ఇంకిపోతున్నాయి. అంచు కింద నాలుగు అక్షరాల చుక్కలు మంటకి కదులుతున్నట్టున్నాయి. సత్తెమ్మ వాటి వంకే చూస్తూ కూర్చుంది. పిల్ల పట్టు వదల్లేదు.

రేవులో కబురు విని ఎర్రయ్య తడి కాళ్ళతో పరుగున వచ్చాడు. పిల్లని చూశాడు, నవ్వాడు, పొయ్యి వంక చూశాడు.

“అమ్మా! కాగు మాడిపోతంది! అలా కూర్చున్నావేంటి?”

అతను కట్టెలు వెనక్కి లాగి, కడవెడు నీళ్ళు తెచ్చి పోసి, కాగు చల్లారేదాకా ఖాళీ కడవ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. కాగుకి ఏమీ కాలేదు. వంగి అడుగు చూసి మెచ్చుకోలుగా తల ఊపాడు.

“గట్టిదేనే. పిల్లకి పేరేం పెడదాం అమ్మా?”

“సీతారత్నం.”

“మన వాళ్ళలో ఆ పేరు ఎవరికీ లేదే. ఎవరు?”

సత్తెమ్మ తల ఎత్తింది. ఒళ్ళోంచి బియ్యపు గింజలు రెండు నేల మీద పడ్డాయి.

“ఆ కాగు ఆవిడది నాయనా” అంది. “నీ పురిటికని అడిగి తెచ్చేను. ఇచ్చెయ్యలేదు. కూర్చో, చెప్తాను.”

ఎర్రయ్య కడవ దించి, ఆమె ఎదురుగా తడి నేల మీదే కూర్చున్నాడు. పిల్ల ఇంకా వేలు వదల్లేదు.